హనుమాయమ్మ తొక్కిన పాదం

ఎదురుకాళ్ళతో పుట్టింది కాబట్టి హనుమాయమ్మ పాదానికి ఊళ్ళో మహా గిరాకీ. నడుం పట్టినా, కాలు బెణికినా జనం పొద్దు పొడవకముందే ఆవిడ గుమ్మం ముందు వాలేవాళ్ళు. మూడు పొద్దులు కుడికాలితో తొక్కించుకుంటే చాలు, నాలుగో పొద్దుకి లేచి పనికి పోయేవాళ్ళు. వాళ్ళంతట వాళ్ళకే తగ్గేదో, ఆవిడ కాలి మహిమో, ఎవరడిగారు గనక! పిడికెడు బియ్యం కూడా పుచ్చుకునేది కాదు. మొగుడూ పిల్లలూ లేని మనిషికి ఉన్నదల్లా ఆ పేరొక్కటే, అదంటే ఆవిడకి ప్రాణం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, ఆవిడ సొంత తమ్ముడు తిరుపతయ్య నాపరాళ్ళ గనిలో పడ్డాడు. రెండు బండల సందున మునివేళ్ళు ఇరుక్కుని, మడమ పైకి లేచి ఉండగా, మోస్తున్న రాయితో సహా ముందుకి తూలాడు. పాదం సొరకాయలా వాచిపోయింది.

"బెణుకేరా, ఇంకేముంది! నేనుండగా నీకేంది భయం?" అంటూ హనుమాయమ్మ కొంగు దోపింది.

మొదటి పొద్దు తొక్కితే మూలిగాడు. రెండో పొద్దు పళ్ళు కొరుక్కున్నాడు. "ఓర్చుకోరా, పట్టు వదులుతా ఉంది" అని ఆవిడ ఇంకాస్త బరువేసింది. మూడో పొద్దు మాత్రం గావుకేక పెట్టాడు. వీధంతా ఉలిక్కిపడి లేచింది.

హనుమాయమ్మ చటుక్కున కాలు తీసేసింది. ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పి చూసింది. అరికాలి నడుమ నేరేడుపండు రంగు మచ్చ! జీవితంలో ఎన్ని బెణుకులు చూసిందో. చీలమండ పక్కన కమలడం ఎరుగును గానీ అరికాలు కమలడం ఎన్నడూ చూడలేదు. ఆ పూటే పక్కింటి జానీ చేత బండి కట్టించి, తమ్ముణ్ణి మాచర్లలో మిషను ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ చీలమండ నొక్కింది. తిరుపతయ్య ఉలకలేదు. మీగాలి మీద, బొటనవేలి ఎముకా పక్కవేలి ఎముకా మొదలయ్యే చోట వేలు ఆనించిందో లేదో ఎగిరిపడ్డాడు. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవగలవా అని అడిగింది. మడమ అంగుళం లేవకముందే కూలబడ్డాడు.

"ఇది చీలమండ బెణుకు కాదు," అంది డాక్టరమ్మ. "పాదం మధ్య ఎముకల్ని పట్టి ఉంచే కట్లు తెగాయి. బండి చక్రంలో ఆకులు వదులైనట్టనుకో. ఎముకలు వాటి చోట్లోనే ఉంటే పిండికట్టు వేస్తాను. జరిగి ఉంటే మాత్రం గుంటూరు వెళ్ళి ఎక్స్‌రే తీయించుకోవాలి, ఆపరేషను కావచ్చు. బరువు పడితే జరుగుతాయి. పడ్డాక దీని మీద బరువేమైనా పడిందా?"

"లేదండీ, మంచం దిగితే ఒట్టు," అన్నాడు తిరుపతయ్య టక్కున. అక్క వంక చూడలేదు.

గుమ్మంలో జానీ నిలబడి వింటున్నాడు. హనుమాయమ్మ ఇక్కడ నోరు విప్పితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. విప్పకపోతే జరిగిన ఎముకల మీద పిండికట్టు పడుతుంది, తమ్ముడు జన్మలో మళ్ళీ బండ ఎత్తలేడు. అంతా తెలుసు ఆవిడకి. పాపిష్టి పేరు, మాటకి అడ్డంపడి కూర్చుంది!

"నేనే తొక్కానండీ," అంది చివరికి. "మూడు పొద్దులు. నా నిండు బరువూ ఏసి తొక్కాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిరుపతయ్య వైపు తిరిగి, "లోపల ఏదైనా జరిగినట్టు ఎప్పుడు అనిపించిందయ్యా?" అని అడిగింది.

"మొదటి పొద్దేనండీ. లోపల కలుక్కుమంది."

"మొదటి పొద్దే తెలిస్తే మళ్ళీ నా కాలికింద ఎందుకు పెట్టావురా సచ్చినోడా!" హనుమాయమ్మ వాడి భుజం పట్టుకుని కుదిపేసింది.

"సొంత తమ్ముడికే నీ కాలు పనిచెయ్యలేదని ఊళ్ళో అంటారని," తిరుపతయ్య తల దించుకున్నాడు. "నీకున్నది ఆ పేరొక్కటే గదక్కా."

హనుమాయమ్మ కిందికి వంగింది. వాడి పాదం పట్టుకోబోయి, భయమేసి చెయ్యి వెనక్కి తీసుకుంది.