పేరు పెడితే తొట్టిలోకే

మా కాలేజీ శిల్పశాలలో ఒక రూలుంది. మేం మట్టితో చేసినదాన్ని చూసి, ఊడ్చే బాబాయ్ ఏదైనా పేరు పెట్టాడంటే అది మళ్లీ మట్టితొట్టిలోకే. ఈ రూలు పెట్టింది మా మేడం. చెప్పిందే చెప్పి నెత్తిన కొడుతుంది కాబట్టి చాటుగా మేం ఆవిణ్ణి సుత్తి మేడం అంటాం.

"దేనిలాగానూ ఉండకూడదన్నాను. బాబాయ్ గుర్తుపట్టాడంటే దేనిలాగో ఉన్నట్టేగా?" అంటుంది.

కాలేజీలో చేరేనాటికే నేను ముక్కూ చెవీ అచ్చుగుద్దినట్టు చేసేదాన్ని. అలాంటిదానికి ఈ గుండ్రాలూ గుంటలూ ఒక పట్టాన ఒంటబట్టలేదు. తొమ్మిది చేశాను. తొమ్మిదింటికీ బాబాయ్ నామకరణం చేశాడు. బాతు. ఇస్త్రీపెట్టె. వాచిన చెంప. కసికొద్దీ ఒకటి అష్టవంకరలు తిప్పి పెడితే, చీపురు ఆపి మరీ, "బస్సు గుద్దిన సైకిలు కదూ!" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

"ఒక్కరోజైనా నోరు మూసుకుని ఊడవలేవా బాబాయ్?"

"కనపడింది చెప్పాను తల్లీ. నామీద ఎగురుతావేం?"

ఆ మంగళవారం సాయంత్రం మేడం నన్ను పిలిచింది.

"శనివారం పరీక్ష. ఈలోగా ఒక్కటైనా తొట్టి తప్పించుకోకపోతే నిన్ను పోస్టర్ల సెక్షన్‌కి మార్చేస్తారు. మట్టి నీ వల్ల కాదేమో, ఆలోచించుకో."

మట్టి నా వల్ల కాదట! ఊహ తెలిసినప్పటినుంచీ గోళ్లలో మట్టితోనే తిరిగినదాన్ని. పోస్టర్ల సెక్షన్‌కి పోయే ప్రసక్తే లేదని మెట్లు దిగుతూనే అనుకున్నాను.

అదే కోపంతో అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని చేస్తుంది. తడి దుప్పట్ల బుట్ట ఎడమచేత్తో ఎత్తుకుని నడుస్తోంది. బుట్ట కిందికి లాగుతుంటే ఒళ్లంతా కుడివైపుకి వాలిపోతోంది. ఇన్నేళ్లుగా కళ్లముందే ఉన్నా, ఆ వాలు నాకు కనపడింది ఆ రోజే.

"దెయ్యం పట్టినట్టు అలా నిలబడ్డావేంటే? ఒక చెయ్యి వెయ్యొచ్చుగా!" అంది అమ్మ.

సిగ్గేసింది. బుట్ట అందుకుని నేనే మోశాను. నాలుగడుగులు వేసేసరికి నా ఒళ్లూ అటే వాలింది.

బుధవారం అమ్మని చేశాను. బాబాయ్ గుమ్మంలోంచే, "బుట్ట మోస్తున్న ఆవిడ. ఎంత బాగుందమ్మా!" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటే మాత్రం ఏం లాభం, తొట్టిలో వేశాను. గురువారం బుట్ట తీసేశాను. "కుంటుతున్న మనిషి" అన్నాడు. అదీ తొట్టిలోకే. ఏడుపు తన్నుకొచ్చినా మింగేసి మళ్లీ మట్టి పిసికాను.

శుక్రవారం తలా, చేతులూ, కాళ్లూ అన్నీ తీసేశాను. నాకు కావలసింది ఆ లాగుడే, ఆ వాలే. కింద ఒక పక్కకి బరువైన ముద్ద, దాన్నుంచి తప్పించుకోబోతున్నట్టు రెండోపక్కకి ఒరిగి లేచిన మట్టి, మధ్యలో పిడికెడంత సన్నం. బరువాగక, లోపల ఆధారంగా గుచ్చిన ఇనపఊచ రెండుసార్లు వంగిపోయి అంతా కూలింది. మూడోసారి రెండు ఊచలు కలిపి తీగ చుట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నిలబడింది.

శనివారం మేడం కుర్చీ వేసుకుని కూర్చుంది. బాబాయ్ ఊడుస్తూ ఊడుస్తూ నా బల్ల దగ్గరికొచ్చాడు. చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. చీపురు గోడకి ఆనించి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంటి బాబాయ్ అది?" మేడం అడిగింది.

"తెలీదండీ మేడం. పేరేం తట్టట్లేదు." కుడిచెయ్యి తన నడుం మీద వేసుకున్నాడు. "కానీ చూస్తుంటే ఇదిగో, ఇక్కడ లాగేస్తోంది. పాపం, ఎవరైనా ఒక చెయ్యి వేస్తే బావుణ్ణు."

మేడం లేచొచ్చి, ఆ వాలు కింద అరచెయ్యి పెట్టి చూసింది.

"ప్లాస్టర్ కలుపు. ఇది తొట్టిలోకి కాదు, పోత పోద్దాం," అంది.

తొట్టి మీద మూత వేసి, దానిమీదే కూర్చుని భోరుమన్నాను.