ఒంటి కిడ్నీ పొట్టేలు

ఆ పొద్దున ఆకాశం కురవాలా మానాలా అని తేల్చుకోలేక బూడిదరంగులో వేలాడుతోంది. కొట్టు తెరిచి, మాంసం నరికే మొద్దు గీకి, కోసిన గొర్రెను కొక్కేనికి తగిలించాను. అంతకే ఆయాసం. నా కిడ్నీలు రెండూ చేతులెత్తేసి ఏడాదైంది. వారానికి మూడుసార్లు మిషను నా నెత్తురు కడుగుతోంది. చెల్లి కిడ్నీ నాకు సరిపోతుందన్నాడు డాక్టరు. నేనే వద్దన్నాను.

చెల్లి బట్టలు కుడుతుంది. మెడలో టేపు తియ్యకుండానే వచ్చేసింది. చేతిలో ఆసుపత్రి కాయితం.

"మధ్యాహ్నంలోగా సంతకం పెట్టకపోతే మన ఆపరేషను తేదీ ఇంకొకళ్లకి పోతుంది."

"పెట్టను. నిన్ను సగం చేసి నేను బతకాలా?"

"సగానికి కత్తిరించడానికి నేనేమన్నా తానుగుడ్డనా అన్నయ్యా? ఆ గొర్రె కిడ్నీ తియ్యి. నిలువునా కొయ్యి."

కొవ్వు చీల్చి తీశాను. కోశాను. ముప్ఫై ఏళ్లుగా తూచి ఇవ్వడమే గాని, ఏనాడూ లోపల నిదానంగా చూసింది లేదు.

జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, మొనతో చూపించింది. "ఈ ముదురు అంచులో కంటికానని నెత్తురు గొట్టాలు దారపుండల్లా చుట్టుకుని ఉంటాయట. మనిషికైతే ఒక్కో కిడ్నీలో పదిలక్షల దాకా. నెత్తురుని అవే వడకడతాయి. లోపలి ఈ చారల్లో సన్న గొట్టాలు. పనికొచ్చే నీళ్లూ ఉప్పూ మళ్లీ నెత్తురులోకి లాగేసుకుంటాయి. మిగిలిన మురికి ఈ నడిమి గుంటలోకి దిగి, ఈ గొట్టంలోంచి మూత్రంగా పోతుంది. రెండూ కలిసి రోజుకి నూట ఎనభై లీటర్లు వడకడితే, బయటికొచ్చేది లీటరున్నర."

"ఇదంతా ఎవడు చెప్పాడే?"

"డాక్టర్ని మూడు పూటలు కూర్చోబెట్టి చెప్పించుకున్నా. కోత కోతే, నొప్పి ఉంటుంది. ఏటేటా పరీక్షలుంటాయి. అన్నీ అడిగాను. మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి పని ఎక్కువ చేస్తుందన్నాడు. నమ్మవా? నువ్వే చెప్పు, ఒక్క కిడ్నీతో బతికిన జీవాన్ని ఎప్పుడూ కొయ్యలేదా?"

లేదందామనుకున్నాను. అబద్ధమవుతుంది.

"ఒకసారి. పొట్టేలు. ఎడమది చిక్కుడుగింజంతై ఎండిపోయింది. కుడిది నా పిడికిలంత."

"నడవలేకపోతే ఈడుస్తూ తెచ్చారా దాన్ని?"

"ఈడవడమా! ముగ్గురం మీదపడితే గాని లొంగలేదు. నా మోకాలు పోగొట్టింది అదే."

చెల్లి పగలబడి నవ్వింది. "పాపం, నన్ను మీ బావ ఒక్కడే పట్టుకోవాలి."

నాకూ నవ్వొచ్చింది. చేతులకి సబ్బు రెండుసార్లు రుద్దుకున్నాను. కాయితం మొద్దుమీద పెట్టొద్దని, గోడకి ఆనించి పట్టుకుంది. సంతకం వంకర పోయింది. అయినా చెరిపేది కాదు. ఆసుపత్రికి వెళ్లి ఇచ్చేసి, తిరిగొచ్చేసరికి పన్నెండైంది.

కొట్టు వెనక గదిలో క్యారియర్ విప్పింది. ఉప్పు వెయ్యని కూర. డాక్టరు నన్ను ఉప్పు మానమన్నాడుగా, నాకోసమే అనుకున్నాను. తన పళ్లెంలోనూ అదే పెట్టుకుంది. ఎదురెదురుగా కూర్చుని, అడుగుదాకా తినేశాం.