నేస్తం పేరు

అరకు అవతల కొండకొమ్మున ఉన్న ఆ చిన్న ఊళ్లో పొదుపు సంఘానికి రత్న లీడరు. శుక్రవారం మీటింగులో హాజరు ఆమే పిలుస్తుంది. ఐదుగురి పేర్లు పిలిచి, ఆరో చోట "నేస్తం" అంటుంది. బదులు రాదు. ఏడో పేరుకి వెళ్తుంది. రెండేళ్లుగా ఇదే వరస.

ఆ ఆరో మనిషి సొమారి. పన్నెండేళ్ల వయసులో ఊరి పండగనాడు రత్నా, ఆమే ఒకరి జడలో ఒకరు పూలు పెట్టి నేస్తం కట్టుకున్నారు. కట్టుకున్నాక పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే నేస్తరికం తెగిపోతుంది. మొగుడి పేరైనా ఎప్పుడో నోరు జారిందేమో గానీ, సొమారి పేరు పాతికేళ్లలో రత్న నోట రాలేదు.

సంఘం అప్పుతో సొమారి కొన్న ఆవు చచ్చిపోయింది. తన వాయిదాలు మిగతా తొమ్మిదిమందీ కడుతుంటే తలెత్తుకోలేక, ఎక్కడో రొయ్యల కంపెనీలో పని ఉందంటే చెప్పకుండా బయల్దేరింది. తెలిసి రత్న కాఫీ తోటలోంచి పరుగెత్తుకొచ్చేసరికి జీపు కదిలిపోయింది. "నేస్తం! నేస్తం!" అని అరిచింది. జీపులో ముగ్గురు ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆ కొండల్లో నేస్తం లేని ఆడదెవరు గనక! ముందు సీట్లో ఉన్న సొమారి మాత్రం తిరగలేదు. ఆ తరువాత ఫోనూ కలవలేదు. పేరు పెట్టి పిలిచి ఉంటే తిరిగేదే. అది తలుచుకుంటే రత్నకి ఇప్పటికీ ముద్ద దిగదు.

ఈ శుక్రవారం తప్పించుకోలేని పని వచ్చిపడింది. కాఫీ పళ్ల తొక్క తీసే మిషన్‌కి బ్యాంకు అప్పిస్తానంది, రాని మనిషిని సంఘంలోంచి తీసేస్తేనే.

"బేగి సదువప్పా తీర్మానం," అంది లెక్కలు రాసే ప్రసన్న.

"ఆ పేరు నానెలాగ అంతానే? నువ్వే సదివీయే గుంటా."

"లీడరే సదవాల. వీడియో తీసి పంపాల."

మిగతావాళ్లు తలలు దించుకున్నారు. కడుపు మాడ్చుకుని సొమారి వాయిదాలు కట్టినవాళ్లే వాళ్లంతా. వాళ్లనేమనగలదు?

రత్న చదవడం మొదలుపెట్టి, పేరు దగ్గర ఆగింది. అనేశాక, రేపు సొమారి తిరిగొచ్చినా నేస్తం అని పిలిచే హక్కుండదు. కాగితం పట్టుకుని లేచింది. కింద కనిపిస్తున్న ఘాట్ రోడ్డు వైపు తిరిగింది.

"సొమారీ!"

తీర్మానం చదివే గొంతు కాదది. వెళ్లిపోతున్న జీపుని ఆపే కేక. మళ్లీ పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ఆనాడు పిలవాల్సిన పిలుపు.

రోడ్డు మీద ఏ బండీ లేదు. రత్న కూర్చుని, మిగిలిన నాలుగు వాక్యాలూ చదివి సంతకం పెట్టింది.