గడ్డ మీది మంచు

రిజిస్ట్రారాఫీసు ఐదింటికి మూస్తారు. నాగలక్ష్మమ్మ మూడింటికే వచ్చింది. దస్తావేజు సిద్ధం. వేలికి పూసే సిరా సిద్ధం. ఇక ఆమె బొటనవేలు ఒక్కటే తరువాయి.

"ముందర ఇన్ని ఐసు నీళ్లు తాగనీప్పా. గొంతెండిపోతాండాది," అని ఆమె ఆఫీసుకు ఎదురుగా ఉన్న షర్బతు అంగట్లోకి నడిచింది.

1938వ సంవత్సరం, కడప. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఆ ఎండే లేకపోతే ఆమెకు అంత దాహం వేసేది కాదు, నాలుగెకరాల మడి ఆ సాయంత్రమే చేయి మారిపోయేది.

ఆమె వెనకే ఇద్దరు వచ్చారు. ఒకరు రాయచోటి అయ్యన్న. తెల్లటి కండువా, తియ్యటి మాట. రెండోవారు దస్తావేజులు రాసే సుబ్బయ్య. ముక్కు చివర కళ్లద్దాలు, చంకలో కాగితాల కట్ట.

అంగడి పీర్ బాషాది. మద్రాసు నుంచి మెయిలు బండిలో దిగే ఐసును రంపపు పొట్టులో, గోనెపట్టాల్లో దాచి, సుత్తితో కొట్టి అమ్ముతాడు. అంతకు ముందు పన్నెండేళ్లు ఓడల్లో బొగ్గు వేసే ఖలాసీ. ఊరికి తిరిగొచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండే: ఎడమ చేతి మీద కాలిన మచ్చ, నోటి నిండా సముద్రం కతలు. మచ్చను అందరూ నమ్మారు. కతలను ఎవరూ నమ్మలేదు. భార్య మదార్ బీ అసలే నమ్మలేదు.

"ఏమ్మా, ఈ ఎండలో ఇంత దూరం వచ్చినావు?" అన్నాడు పీర్ బాషా, లోటా అందిస్తూ.

"మా అమ్మ పసుపు కుంకాల కింద ఇచ్చిన మడి ఉండాది గదప్పా, నెల్లూరు పక్క, సముద్రం ఒడ్డున. దాన్ని అయ్యన్నకు రాసిస్తాండా. ఆయప్ప రాయచోటి చేను నాకు రాసిస్తాడంట."

పీర్ బాషా చేతిలో సుత్తి ఆగింది. ఆ మడి సంగతి వీధి వీధంతా తెలుసు. ఊరంతా సంగటి ముద్ద తింటుంటే నాగలక్ష్మమ్మ ఇంట్లో సొంత బియ్యం ఉడికేది. ఏటా రెండు మూటలు రైల్లో దిగేవి. పండగకు ఇంటింటికీ ఒక గిన్నెడు పంచేది. ఇక రాయచోటి చేను సంగతీ తెలుసు. అందులో ఉలవలు చల్లితే, ఉలవలు కూడా తిరిగిరావు.

"ఎందుకమ్మా?"

"సముద్రం పొంగుతుందంట. పేపర్లో పడిందంట. ధ్రువాల కాడ ఉండే మంచుగడ్డలు కరిగి, ఒడ్డున ఉండే మళ్లన్నీ ఉప్పునీళ్ల పాలంట. నిన్న అయ్యన్న మా ఇంట్లోనే చేసి చూపించినాడు. చెంబు నిండా నీళ్లు పోసి ఐసుగడ్డ వేసినాడు. బుడుంగున పొంగి కారిపాయె. నా కళ్లతో చూసినా గదా!"

అయ్యన్న వినయంగా తల వంచాడు. "పెద్దామె మునిగిపోతాంటే చూస్తా ఉండలేక, నా చేను ఇస్తాండా. బంగారట్లా చేను."

"బంగారమే," అంది మదార్ బీ లోపలి నుంచి. "తవ్వితే గునపం మోగుతుంది."

పీర్ బాషా నవ్వలేదు. "అమ్మా, అయ్యన్న నీకు చూపించింది గడ్డను వెయ్యడం. నువ్వు భయపడాల్సింది గడ్డ కరగడం గురించి. రెండూ ఒకటి కాదు. సముద్రంలో తేలే మంచు ఎప్పుడో పడింది. దాని బరువుకు నీళ్లు ఎప్పుడో పెరిగినాయి. ఇంక కరిగితే ఏమయితాదో, అది చూడాల."

"ఇంగేమయితాది? నీళ్లకు నీళ్లు తోడైతాయి. చిన్న పిల్లోన్ని అడిగినా చెప్తాడు," అన్నాడు అయ్యన్న.

"అట్లనా? అయితే చూస్తాం. నీ కండువా ఇట్లియ్యి."

"నా కండువా ఎందుకప్పా?"

"తెల్లగుండాది గదా."

పీర్ బాషా కండువా ఒక కొసను బల్ల మీద పరిచాడు. దాని మీద వెడల్పాటి ఇత్తడి గిన్నె పెట్టాడు. నీళ్లు పోసి చిటికెడు పసుపు కలిపాడు. "నీళ్లు పొంగితే గుడ్డ పచ్చనైతాది. పొంగకపోతే తెల్లగుంటాది. నేను చెప్పేది లేదు, నువ్వు చెప్పేది లేదు. పసుపే చెప్తాది." తర్వాత పిడికిలంత ఐసుగడ్డ వేశాడు. అది మునిగి, పైకి లేచి, చిన్న మూపురంలాగా కొంచెం బయటికి కనబడుతూ తేలింది. అప్పుడు గిన్నె అంచు దాకా బొట్టు బొట్టుగా నీళ్లు పోసి నింపాడు. ఇంకొక్క చుక్క పడితే కారిపోవాలి.

మూడుంపావు.

నాగలక్ష్మమ్మ బల్ల ముందర కూర్చుంది. చూపు గిన్నె అంచు మీదే. అది గిన్నె కాదు, అమ్మ ఇచ్చిన మడి గట్టు. ఆ మూపురం కరిగి నీళ్లు గట్టు దాటితే, ఆమె లేచి వేలిముద్ర వేస్తుంది. దాటకపోతే వెయ్యదు.

గడ్డ చిన్నదవుతోంది. రోడ్డు మీద జట్కా ఒకటి పోయింది. బల్ల అదిరింది. నీళ్లు వణికాయి, కారలేదు. సుబ్బయ్య ఊపిరి బిగబట్టాడు. ఆయనకు ఇందులో ఏమీ లేకపోయినా బిగబట్టాడు.

మూడున్నర దాటింది.

"పొంగింది!" అని అరిచాడు అయ్యన్న.

నిజమే. గిన్నె బయటి వైపు చుక్కలు జారుతున్నాయి. అవి ఒకదాన్నొకటి కలుపుకొని కిందికి దిగి కండువాను తడిపాయి. నాగలక్ష్మమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది. "అంతే అనుకుంటి. పదప్పా అయ్యన్నా, సిరా యాడుండాది?"

"కూచోమ్మా!" మదార్ బీ కొంగు దోపుకుంటూ బయటికి వచ్చింది. గిన్నెను కదపకుండా, పక్కన తడిసిన కండువా అంచును మాత్రం ఎత్తి వెలుగుకు పట్టింది. "తడిసింది, పచ్చనైందా?"

కండువా తడిసింది. తెల్లగానే ఉంది.

"గిన్నెకు చెమట పట్టింది, అంతే. చల్లటి గిన్నెకు అట్లే పడుతుంది. పొద్దున్నుంచి నా లోటాలన్నిటికీ పడుతుంది. పన్నెండేళ్లు సముద్రం చూసినోడికి తెలవకపోతే ఏం, ఆ లోటాలు తుడిచేదాన్ని నాకు తెలుసు."

పీర్ బాషా భార్యను చూసి మొదటిసారి నవ్వాడు.

నాలుగింటికి గడ్డ చిక్కుడు గింజంత అయింది. తర్వాత ఆవగింజంత. తర్వాత లేదు. నీళ్లు మాత్రం అంచు దగ్గర ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నాయి. ఒక్క పచ్చ చుక్క కూడా గుడ్డ మీద పడలేదు.

"తేలేటప్పుడు ఎంత చోటు పట్టిందో, కరిగినాక అంతే చోట్లో సర్దుకుంది," అన్నాడు పీర్ బాషా.

నాగలక్ష్మమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చింది. "నా మడి నాకుండాది! సుబ్బయ్యా, చించెయ్యప్పా ఆ కాగితం."

అక్కడితో పీర్ బాషా ఊరుకుంటే సరిపోయేది. అయ్యన్న అప్పటికే కండువా కోసం చెయ్యి చాచాడు. పీర్ బాషా మాత్రం తల గోక్కున్నాడు.

"అమ్మా, చించొద్దు. ఇంకా సగం ఉండాది. నీకు సగం నిజం చెప్పి పంపిస్తే, నాకూ అయ్యన్నకూ తేడా లేదు."

"యా అల్లా! గెలిచినాక ఎవరన్నా మళ్లీ ఆడతారా?" అని మదార్ బీ నుదురు కొట్టుకుంది.

"మా ఓడ ఒకసారి దక్షిణాన అట్టడుగుకు పోయింది, తిమింగలాలు పట్టేవాళ్లకు బొగ్గు చేర్చేదానికి. అక్కడ ఒక దీవి. కొండలు. ఆ కొండల మీద మంచు, మన పాలకొండల్ని కప్పేసేంత మందం. అది మెల్లగా కిందికి జారి సముద్రంలోకి విరుగుతాంటే ఫిరంగి పేలినట్టుంటాది. ఆ మంచు నీళ్ల మీద లేదు. నేల మీద ఉండాది. దాని లెక్క వేరే."

ఆయన కండువాను పక్కకు తీసి, పచ్చడి నూరే పొత్రాన్ని గిన్నె మధ్యలో నిలబెట్టాడు. దాని తల నీళ్లకు జానెడు పైన నిలిచింది. కారినవన్నీ తుడిచి, కండువా పొడి కొసను కింద పరిచి, గిన్నెను మళ్లీ అంచు దాకా నింపాడు. పొత్రం తల మీద ఐసుముక్క ఒకటి పెట్టాడు. ఎండలో కాగిన రాయి. ముక్క గబగబా కరగసాగింది. కరిగిన నీళ్లు రాతి మీదుగా సన్నగా గిన్నెలోకి దిగాయి.

నాలుగూ ఇరవై. గిన్నె అంచు మీద నీళ్లు ఉబ్బాయి. జారాయి. కండువా మీద రూపాయి బిళ్లంత మరక. పచ్చటి మరక.

"చూసినావా పెద్దమ్మా!" అయ్యన్న గొంతు మళ్లీ తియ్యనైంది. "నేను చెప్పిందే ఈయప్ప గూడా చెప్పె. ఇంకా టయిముండాది. లేయి."

నాగలక్ష్మమ్మ లేవలేదు. కరుగుతున్న ముక్కను, పొత్రాన్ని, మరకను వరసగా చూసింది. తర్వాత ఎవరూ అడగని మాట అడిగింది.

"ఈ ముక్క ఇంత కరిగేదానికి పావుగంట పట్టె. ఆ కొండల మీది మంచుకు ఎన్నాళ్లు పడుతుందప్పా?"

పీర్ బాషాకు తెలియదు. తెలియదనే చెప్పాడు. "శానా కాలం. మా ఓడ ఇంజనీరు దొర, అది మన తాతల తాతలు పుట్టకముందు పడిన మంచు అనేవాడు. అంతకన్నా నాకు తెల్దు."

"పేపర్లో ఏమేసినారో?"

"అదే, మంచుగడ్డలు కరిగి..." అంటూ అయ్యన్న జేబులో నుంచి పేపరు ముక్క తీసి దూరం నుంచి చూపించాడు. చదువురాని నాగలక్ష్మమ్మకు దూరమైనా దగ్గరైనా ఒకటే. మదార్ బీకి కూడా చదువు రాదు. కానీ గుడ్డలు మడతపెట్టే చెయ్యి ఆమెది.

"ఆ కాయితం కింద మడత ఎందుకుండాది?" అని ఆమె లాక్కొని, మడత విప్పి సుబ్బయ్య ముందర పెట్టింది.

సుబ్బయ్య కళ్లద్దాలు సర్దుకొని చదివాడు. "'ధ్రువ ప్రాంతములందలి గడ్డ మీది మంచు కరిగినచో సముద్ర మట్టము పెరుగునని శాస్త్రజ్ఞులు తెలుపుచున్నారు.'"

"గడ్డం మీది మంచా?" అని మదార్ బీ నోరు తెరిచింది.

"గడ్డం కాదమ్మా, గడ్డ. నేల. భూమి."

"అయ్యన్నా, నువ్వు మంచుగడ్డ అంటివే!" అంది నాగలక్ష్మమ్మ.

అయ్యన్నకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. కడపలో పుట్టి పెరిగినవాడికి గడ్డ అంటే కూరలో వేసే ఎర్రగడ్డ, లేదంటే మెయిలు బండిలో దిగే ఐసుగడ్డ. మంచు పక్కన గడ్డ కనబడగానే నోరు దానంతటదే రెంటినీ అతికించేసింది. "ఆ తప్పు నేను కావాలని చేసింది కాదు, దేవునిమీద ఒట్టు!"

"మరి మడత?"

"మడత నాదే," అన్నాడు అయ్యన్న.

సుబ్బయ్య మడత కింది వాక్యం చదివాడు. "'ఇట్లు పూర్తిగా కరుగుటకు వేల యేండ్లు పట్టునని వారి యభిప్రాయము.'"

మదార్ బీ పకపకా నవ్వింది. సుబ్బయ్య నవ్వాడు. ఆఖరికి అయ్యన్న కూడా సగం నవ్వాడు, వేరే దారి లేక. నాగలక్ష్మమ్మ నవ్వలేదు. ఆమె ఇంకా పచ్చ మరకనే చూస్తోంది.

"పూర్తిగా కరిగేదానికి వేల ఏండ్లు. అంటే కొంచెం కొంచెం ముందునుంచే పెరుగుతుంది గదా?"

"పెరగొచ్చమ్మా. ఎండ ముదిరితే బిరీన కరుగుతుంది. నీ కాలానికి కాదు. ఎవరి కాలానికో నేను చెప్పలేను."

"అయితే కొలుస్తాం. సుబ్బయ్యా, ఆ దస్తావేజు వెనక ఖాళీ ఉండాది గదా. మా గుత్త రైతు కంబన్నకు జాబు రాయి. కార్తీక పున్నమి పోటుకు నీళ్లు యాడి దాకా వస్తాయో చూసి, దానికి పైన ఒక రాయి పాతమను. ఏడాదికొకసారి, అదే పున్నమికి, నీళ్లు రాయికి ఎన్ని మూరల దూరంలో ఆగినాయో బియ్యం మూటల్తో పాటు రాసి పంపమను."

సుబ్బయ్య రాశాడు. అడుగున ఆమె వేలిముద్ర వేసింది. ఆ రోజు ఆ సిరా పనికి వచ్చింది దానికే.

అయ్యన్న పోబోతుంటే ఆమె పిలిచింది. "ఏమప్పా, అట్లే పోతాండావే? షర్బతు తాగి పో. ఈ ఎండలో రాయచోటి దాకా ఎట్ల పోతావు?" అతను తాగాడు. కండువా భుజాన వేసుకొని బండెక్కాడు. ఒక కొస పచ్చగా ఉంది. బండిలో ఎవరో పెళ్లికి పోయొస్తున్నావా అని అడిగారట. ఈ మాట తర్వాత అతనే చెప్పుకొని నవ్వాడు.

ఆ ఏడు పంట నూర్పిళ్లయ్యాక రెండు మూటలు రైల్లో దిగాయి. ఒక మూట కుట్టులో జాబు. రాయి పాతినాము, కార్తీక పున్నమి పోటు రాయికి తొమ్మిది మూరల కింద ఆగింది అని కంబన్న రాయించాడు. నాగలక్ష్మమ్మ ఒక గిన్నెడు కొత్త బియ్యం పట్టుకొని షర్బతు అంగడికి వచ్చింది. పీర్ బాషా బొగ్గుతో గోడ మీద తొమ్మిది గీతలు గీశాడు.

మరుసటి ఏడూ తొమ్మిదే. ఆ మరుసటి సంవత్సరం తుపాను వచ్చి ఏడు మూరలే. మళ్లీ తొమ్మిది. గోడ మీద గీతలు పెరుగుతూ పోయాయి. ఐసు నీళ్లకు వచ్చినవాళ్లు ఇవేమని అడిగేవారు. అడిగినవాళ్లందరికీ పీర్ బాషా దక్షిణ దీవి కత మొదలుపెట్టేవాడు.

ఇప్పుడు మదార్ బీ అడ్డం పడేది కాదు. పైగా మధ్యలో అందుకొని, "చెమట సంగతి మర్చిపోయినావు, నేను చెప్తా ఉండు," అనేది.