గడప మీద కూర్చోకూడదు

నేను ఒక గడపను. కాకినాడలో శేషారత్నం గారి అద్దె ఇంటి సింహద్వారానికి ఆరంగుళాల ఎత్తున అడ్డం పడి ఉన్న టేకు గడపను. ఎత్తు సంగతి ముందే చెప్పేయడం మంచిది, గొడవంతా దాంతోనే వచ్చింది.

నన్ను చెక్కిన వడ్రంగే మొట్టమొదట నన్ను తన్నుకుని బోర్లాపడ్డాడు. ఆ తర్వాత నలభై ఏళ్లలో అద్దెకు దిగినవాళ్లలో నా దెబ్బ తినని బొటనవేలు లేదు. అయినా ప్రతి శుక్రవారం శేషారత్నం గారు వచ్చి నాకే పసుపు రాసి బొట్లు పెట్టేవారు. నా మీద ఎవరైనా కూర్చున్నారా, వీధి చివరి నుంచే కేకలు!

ఈ వేసవిలో ఇల్లు ఖాళీ అయింది. ఎస్తేరు అనే నర్సమ్మ అడగడానికి వచ్చింది. నడవలేని తొమ్మిది మందిని చేరదీసి ఆశ్రమం నడుపుతోంది. వాళ్లున్న ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఆరుగురు యజమానులు అప్పటికే కాదన్నారట. శేషారత్నం గారు అయిదేళ్ల లీజుకి ఒప్పుకున్నారు. గుమ్మం ముందు వరండా ఇరుకు కనుక చక్రాలు ఎక్కేలా వాలుబల్ల వేయడం కుదరదు, వాళ్ల చక్రాల కుర్చీలు లోపలికి రావాలంటే గడప తీయాల్సిందే అని ఎస్తేరు అనేసరికి ఆవిడ లేచి నిలబడ్డారు.

"గడప తీసేస్తే ఇంట్లోకి లక్ష్మి వస్తుందటమ్మా? కుదరదు గాక కుదరదు!"

నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఎస్తేరు ముఖం వాడిపోయింది. ఆమెతో వచ్చిన ముత్యాలు చక్రాల కుర్చీలో గేటు దగ్గరే ఉంది. అక్కణ్ణుంచే చెయ్యెత్తింది.

"అమ్మగారండీ, మా తొమ్మిది మందిలో ఒక్కళ్లు కూడా గడప తొక్కరండి. పూచీ నాదండి!"

శేషారత్నం గారు నవ్వాపుకోలేక పమిట అడ్డం పెట్టుకున్నారు.

"మరి లచ్చిందేవి కూడా నాలాగే కుర్చీలో వత్తేనండీ? గేటు కాడే ఉండిపోవాలాండి?"

నవ్వు ఆగింది. ఆవిడ నన్ను చూశారు, ముత్యాలును చూశారు.

"వడ్రంగిని పిలవండి. కానీ నా గడప ఈ ఇంట్లోంచి పోకూడదు. కాగితంలో అలాగే రాయండి."

అలా లీజు కాగితంలో నాకూ ఒక వాక్యం దక్కింది. వడ్రంగి నన్ను ఊడదీసి, వెనక ఒక పలక చేర్చి, నాలుగు కాళ్లు తగిలించి వరండాలో బల్లగా వేశాడు. నాకు కాళ్లొచ్చాయండీ! తొమ్మిది కుర్చీలు గడగడా లోపలికి దూసుకుపోయాయి. ముత్యాలైతే మళ్లీ బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లింది, ఊరికే, మూడుసార్లు. ఇన్నేళ్లు అడ్డం పడుకున్నందుకు నాకు కాస్త సిగ్గేసింది. సంతోషమే ఎక్కువనుకోండి.

మొదటి శుక్రవారం శేషారత్నం గారు పసుపు గిన్నెతో వచ్చారు. అలవాటుగా ద్వారం దగ్గర వంగి, నేను అక్కడ లేనని గుర్తొచ్చి, వరండాలోకి వచ్చి నాకు పసుపు రాసి బొట్లు పెట్టారు. ముత్యాలు తన కుర్చీ నా పక్కకు జరుపుకుని, "కూకోండమ్మగారూ" అంది.

ఆవిడ వీధి అటూ ఇటూ చూశారు. చీరకు పసుపు అంటుతుందని కూడా చూసుకోకుండా నా మీద కూర్చున్నారు.