కళ్లు గీసే ఆవిడ రాజీనామా

ప్రమాదంలోనో జబ్బు చేసో కన్ను పోయినవాళ్లకు పెట్టే కృత్రిమ కళ్లకు రంగు వేయడం ఆమె పని. పద్నాలుగేళ్లుగా అదే వర్క్‌షాపులో, అదే కిటికీ పక్కన కూర్చుని చేస్తోంది. మనిషిని వెలుతురులో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఉన్న కంటిని చూస్తూ లేని కన్ను గీసేది. తెల్లగుడ్డు మీద సన్నటి నరాల కోసం ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా విడదీసి అతికించేది. ఆమె చేసిన కన్ను పెట్టుకుని వెళితే ఏది అసలుదో ఇంట్లోవాళ్లే ఒక పట్టాన తేల్చుకోలేకపోయేవారు.

ఏడాది కిందట భర్తకు బదిలీ అయింది. రైల్లో పదిహేను గంటల దూరం. అక్కడ ఇలాంటి పని దొరకదు. అత్తగారూ, ఐదేళ్ల కూతురూ ఆయనతో వెళ్లారు. కొన్నాళ్లు చూద్దామని ఈమె ఒక గది అద్దెకు తీసుకుని ఉండిపోయింది. ఒక ఆదివారం ఫోన్లో కూతురు, "అమ్మా, నేనిప్పుడు జడ నేనే వేసుకుంటున్నా, ఎవరూ వేయక్కర్లేదు" అంది గొప్పగా. మర్నాడే రాజీనామా రాసిచ్చింది.

యజమాని కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి కాగితం రెండుసార్లు చదివాడు.

"తప్పదా అమ్మా?"

"తప్పదు సార్."

"మూడు నెలల నోటీసు ఉంది, గుర్తుందా? చేరినప్పుడు సంతకం పెట్టావు."

"అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు సార్."

"సంతకానికి పెళ్లితో పనేముంది?" అని నవ్వలేక నవ్వాడాయన. "నీ చోట ఇంకొకరికి చేయి తిరిగేదాకా ఉండు. తొందరగా నేర్చుకుంటే ముందే పంపించేస్తాను."

ఫోన్లో చెబితే అత్తగారికి ఈ లెక్క బొత్తిగా అర్థం కాలేదు. "నోటీసంటే ఇల్లు ఖాళీ చేయమని ఇచ్చేది కదే? మానేస్తానంటే మానేయడమే కదా!"

"చెప్పాక కూడా మూడు నెలలు చేయాలి అత్తయ్యా."

"అయితే పిల్లతో మాత్రం ఇప్పుడే అనకు. నా ప్రాణం తీస్తుంది."

ఈమే ఆగలేక కూతురితో అనేసింది. ఆ రోజు నుంచి సాయంత్రం ఫోను మోగితే చాలు, అదే ప్రశ్న. "రేపు వస్తావా?"

"రేపు కాదమ్మా."

"అయితే ఎల్లుండా?"

ఎల్లుండి తర్వాత కూడా రోజులుంటాయని ఆ పిల్లకు ఇంకా తెలియదు.

నేర్చుకోవడానికి వచ్చినావిడ అంతకుముందు దుకాణాలకు బోర్డులు రాసేది. "మూరెడు అక్షరాలు రాసినదాన్నక్కా, ఈ గోరంత దాన్ని చూస్తుంటే నాకు ఊపిరాడట్లేదు" అనేది. ఆవిడ గీసిన మొదటి కన్ను చూసి, "ఇది చూడట్లేదు, గుడ్లురుముతోంది" అంది ఈమె. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఒకరోజు నమూనాకు ఎవరూ లేక, కూతురి కన్ను గీసి చూపిద్దామనుకుంది. గోధుమరంగు వేసింది. చుట్టూ అంచు నలుపా, ముదురు బూడిదా? గుర్తు రాలేదు. వందల కళ్లను వెంట్రుకవాసి తేడా లేకుండా గీసిన చేయి అక్కడే ఆగిపోయింది. కుంచె పక్కన పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది.

రెండు నెలలు గడిచాక యజమాని మాట నిలబెట్టుకున్నాడు. "శుక్రవారం బయల్దేరు" అన్నాడు. టికెట్ కొనుక్కుంది. పెట్టె సర్దుకుంది. బుధవారం ఒకావిడ ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కంట్లో గడ్డ లేస్తే డాక్టర్లు ఆ కన్ను తీసేశారట. బడి తెరిచేలోగా కొత్త కన్ను కావాలి.

బోర్డులావిడ ఈమెను పక్కకు లాగింది. "పెద్దవాళ్లయితే ఏదో తంటాలు పడతానక్కా. ఈ పిల్లకి మాత్రం నా వల్ల కాదు."

యజమాని తల వంచుకుని, "నేను నిన్ను అడగనమ్మా" అన్నాడు. అడిగి ఉంటే కాదనడం తేలికయ్యేది.

ఆ పిల్ల కన్ను అయ్యేదాకా ఆగుతానని భర్తకు ఫోన్ చేసింది. "దానికి నువ్వే చెప్పుకో" అని ఆయన ఫోను కూతురికిచ్చాడు.

"నీ అంత పాపకి కన్ను చేయాలమ్మా. ఇంకో పది రోజులు."

"ఆ పాపకి అమ్మ ఉందా?"

"ఉంది."

"మరి నువ్వెందుకు?"

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆ పది రోజులూ పక్కన కూర్చోబెట్టుకుని, పోగు పోగూ బోర్డులావిడ చేతే పెట్టించింది. అద్దంలో చూసుకున్న పిల్ల ముందు నోరు తెరిచింది, తర్వాత అద్దం వదలనని మొండికేసింది. వాళ్లమ్మ గోడవైపు తిరిగి కొంగుతో మొహం కప్పుకుంది.

రైలు దిగి ఈమె ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. తలుపు తీసిన అత్తగారి వెనకాల చీర కొంగు పట్టుకుని కూతురు నిలబడింది. "అమ్మ వచ్చిందే, వెళ్లవే" అని అత్తగారు ఎంత తోసినా కదల్లేదు. ఒక చెవి మాత్రం కనిపించింది.

"మళ్లీ ఎప్పుడెళ్తావు?" అంది వెనక నుంచే.

"వెళ్లను."

పిల్ల నమ్మలేదు. ఆకలైతే నాన్నమ్మనే పిలిచింది, పడుకునేటప్పుడు నాన్నమ్మ పక్కకే చేరింది. ఈమె బలవంతం చేయలేదు. పిల్ల బడికి వెళ్లాక ఇల్లంతా తిరుగుతూ, దాని గౌన్లు మడతపెడుతూ, ఇక్కడున్నా ఇంకా దూరంగానే ఉన్నట్టు రోజులు గడిపింది.

మూడో వారంలో ఒక పొద్దున, స్నానాల గదిలోంచి తలుపు చాటుగా తడిచేయి బయటికొచ్చింది.

"అమ్మా, తువ్వాలు!"

పిలిచింది తననేనని అర్థమయ్యేసరికి అత్తగారు అప్పటికే సగం లేచారు. "మీరు కూర్చోండి అత్తయ్యా" అంటూ ఆమె పరుగెత్తింది.