తెర చూడు బావా

మా బావమరిది మెట్రో ఆఫీసులో కొత్త రైళ్లు కొనిపించే అధికారి. నేను అదే లైనులో రైలు నడిపేవాణ్ణి. మా ఆవిడ మొహం చూసి ఇన్నాళ్లూ అతన్ని భరిస్తున్నాను.

కొత్త రైలును మొదటిసారి తిప్పిన రోజు పెద్దలను వెంటేసుకుని నా క్యాబిన్లోకి ఎక్కాడు. పాత రైళ్లలో తలుపులు మూసేముందు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫారం చూసుకోవాలి. మొదటి స్టేషన్లో అలవాటుకొద్దీ తల పక్కకు వంచాను. ఈ రైలుకు తెరుచుకునే కిటికీ లేదు, దాని బదులు డ్రైవరు ముందు ప్లాట్‌ఫారం చూపించే కెమెరా తెర పెట్టారు. నుదురు ఠంగుమని అద్దానికి కొట్టుకుంది.

"తెర చూడు బావా," అన్నాడు పగలబడి నవ్వుతూ. "తల బయటపెట్టే రోజులు పోయాయి. అందులో అంతా కనిపిస్తుంది."

పెద్దలూ నవ్వారు. నుదుటి మీద బొప్పి కట్టింది.

చివరి స్టేషన్లో అందరూ దిగారు. అక్కడినుంచి లైను ఎటు పొడిగించబోతున్నారో చేయి చాపి చూపిస్తూ, ఫొటోలు దిగుతూ అతను గొప్పలు పోయాడు. నేను తిరుగు ప్రయాణానికి అటు చివరి క్యాబిన్లోకి మారాను. పెద్దలు ఎక్కి కూర్చున్నారు. అతను ఇంకో ఫొటోకి నిలబడ్డాడు. వేళయింది, తలుపులు మూశాను. ఆ రోజు ఆ లైనులో ఇంకో రైలు లేదు.

తెరలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. తలుపు బాదాడు. చివరికి అలిసిపోయి వెనక్కి జరిగి, ఇంత నోరు తెరిచి ఏదో అరిచాడు. ఈ అద్దంలోంచి ఏమీ వినపడదు.

కానీ అతను చెప్పింది నిజమే, తెరలో అంతా కనిపిస్తోంది. చూస్తూనే రైలు కదిలించాను.